చిట్టా ఉన్నా అంకణా కావాలి: లినక్స్ కంప్యూటరు మొదలయ్యేటప్పుడు ఫైల్ వ్యవస్థ తనిఖీ

పరిచయం

మీరు లినక్స్ కంప్యూటరు మీద ఒక దరఖాస్తు టైపు చేసి, దానిని భద్రపరుస్తున్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కాసేపటికి కరెంటు వచ్చింది. మీరు కంప్యూటరును తిరిగి ఆన్ చేశారు. తెర మీద కొన్ని వరుసలు గబగబా పైకి జరిగాయి. వాటిలో ఒకచోట 'రికవరింగ్ జర్నల్' అనీ, దాని కిందనే 'క్లీన్' అనీ ఇంగ్లీషులో కనిపించాయి. కొన్ని సెకన్లలో మామూలు తెర వచ్చేసింది.

ఆ రెండు మాటలు చూసి డిస్కు మొత్తం బాగున్నదని అనుకోవచ్చునా? చాలామంది అలాగే అనుకొంటారు. కాని ఆ సమయంలో కంప్యూటరు డిస్కు అంతటినీ పరీక్షించలేదు. తాను చివరగా రాసుకొన్న కొన్ని పంక్తులను మాత్రమే చూసుకొన్నది. ఈ రెండు పనులకూ ఉన్న తేడా తెలియక, నెలల తరబడి పెరుగుతున్న లోపాన్ని గమనించకుండా ఫైళ్లు పోగొట్టుకొనేవారు ఉంటారు. ఆ తేడా ఏమిటో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- జర్నల్ ఉన్న ఫైల్ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు;
- జర్నల్‌ను తిరిగి చదవడానికీ, పూర్తి తనిఖీకీ గల భేదాన్ని చెప్పగలుగుతారు;
- కంప్యూటరు మొదలయ్యేటప్పుడు ఏ ఫైల్ వ్యవస్థను ఎప్పుడు తనిఖీ చేయాలో నిర్ణయించగలుగుతారు;
- తనిఖీ మధ్యలో ఆగిపోతే ఏమి చేయాలో, ఏమి చేయకూడదో గుర్తించగలుగుతారు.

గమనిక: ఈ పాఠంలో ఆదేశాల పేర్లను పలికే తీరున తెలుగు లిపిలో ఇచ్చాం. కంప్యూటరుకు ఇచ్చేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేయాలి.

1. ఒక ఫైలు భద్రపరచడంలో ఎన్ని పనులు ఉన్నాయి?

డిస్కు చిన్న చిన్న గడులుగా విభజింపబడి ఉంటుంది. వీటిని బ్లాకులు అంటారు. ఈనాటి లినక్స్ కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించే ఎక్స్ట్4 ఫైల్ వ్యవస్థలో ఒక్కొక్క బ్లాకు సాధారణంగా 4096 బైట్లు ఉంటుంది. మీరు ఒక కొత్త ఫైలును భద్రపరిస్తే, మీరు టైపు చేసిన విషయం కొన్ని బ్లాకులలోకి చేరుతుంది. దానితోపాటు మరో మూడు చోట్ల రాత జరగాలి.

(అ) ఆ బ్లాకులు ఇక ఖాళీ కావని బ్లాకుల పట్టికలో గుర్తు పెట్టాలి.
(ఆ) ఫైలు పరిమాణం, యజమాని, తేదీ, అది ఏయే బ్లాకులలో ఉన్నదీ తెలిపే వివరాల చీటీ తయారు కావాలి. దీనిని ఐనోడు అంటారు.
(ఇ) ఫైలు పేరు దాని సంచికలో, అంటే డైరెక్టరీలో, నమోదు కావాలి.

మీరు ఒక్క మీట నొక్కారు. కాని డిస్కు మీద ఇన్ని చోట్ల రాత జరిగింది. వీటిలో ఒకటి పూర్తయి, మిగిలినవి కాకముందే కరెంటు పోయిందనుకోండి. పేరు ఉంటుంది, చీటీ ఉండదు. లేదా చీటీ ఉంటుంది, ఆ బ్లాకులు ఇంకా ఖాళీగానే లెక్కకు వస్తాయి. అప్పుడు మరో ఫైలు వచ్చి అదే బ్లాకులో కూర్చుంటుంది. రెండు ఫైళ్లూ పాడవుతాయి.

2. చిట్టా, ఆవర్జా

మీరు వాణిజ్యశాస్త్రం చదివి ఉంటే చిట్టా, ఆవర్జా అనే మాటలు మీకు తెలుసు. చదవకపోయినా, కిరాణా దుకాణంలో గుమాస్తా లెక్కలు రాయడం చూసే ఉంటారు. ఏ రోజు వ్యవహారాన్ని ఆ రోజు ముందు చిట్టాలో వరుసగా రాస్తాడు. తరువాత దానిని ఆవర్జాలోని ఆయా ఖాతాలకు ఎక్కిస్తాడు. ఎక్కిస్తుండగా దీపం ఆరిపోయినా భయం లేదు. తిరిగి దీపం వెలిగించి, చిట్టాలో చివరి పద్దులు చూసి, ఎక్కించనివాటిని ఎక్కిస్తే సరిపోతుంది. ఆవర్జా మొత్తం తిరగవేయనక్కరలేదు.

జర్నల్ ఉన్న ఫైల్ వ్యవస్థ చేసేది ఇదే. డిస్కులో కొంత భాగాన్ని చిట్టాగా కేటాయించుకొంటుంది. చేయబోయే మార్పులన్నిటినీ ఒక జట్టుగా ముందు అక్కడ రాస్తుంది. రాయడం ముగిశాక 'ఈ జట్టు పూర్తయింది' అని ఒక గుర్తు పెడుతుంది. ఆ తరువాతనే వాటిని అసలు స్థానాలలో రాస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు:

- 'పూర్తయింది' అనే గుర్తు ఉన్న జట్టును అసలు స్థానాలలోకి మళ్లీ ఎక్కిస్తుంది;
- ఆ గుర్తు లేని జట్టును, సగంలో ఆగిన పద్దుగా భావించి, వదిలివేస్తుంది.

కాబట్టి ఒక మార్పు పూర్తిగా జరుగుతుంది, లేదా అసలు జరగనట్లే ఉంటుంది. సగం సగం మిగలదు. చిట్టా చిన్నది గనుక ఈ పని కొన్ని సెకన్లలో ముగుస్తుంది.

లినక్స్‌లో ఈ సౌకర్యం మొదటినుంచీ లేదు. 1993లో వచ్చిన ఎక్స్ట్2 ఫైల్ వ్యవస్థకు జర్నల్ లేదు. కరెంటు పోయిన ప్రతిసారీ డిస్కు మొత్తాన్ని వెదకవలసి వచ్చేది. డిస్కులు పెద్దవైన కొద్దీ ఈ నిరీక్షణ పెరిగిపోయింది. ఎక్స్ట్2కు జర్నల్ చేర్చే పద్ధతిని స్టీఫెన్ ట్వీడీ 1998లో వివరించారు. అదే ఎక్స్ట్3 పేరుతో 2001లో లినక్స్ కెర్నల్‌లో చేరింది. దాని తరువాతి రూపమైన ఎక్స్ట్4 ను 2008లో వాడకానికి సిద్ధమైనదిగా ప్రకటించారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. ఎక్స్ట్4 మామూలుగా తన చిట్టాలో రాసేది పట్టికల, చీటీల, పేర్ల మార్పులను మాత్రమే. మీరు టైపు చేసిన విషయాన్ని కాదు. అందుచేత కరెంటు పోయే ముందు చివరి క్షణాలలో మీరు రాసినది పోవచ్చు. ఫైల్ వ్యవస్థ నిర్మాణం మాత్రం చెడదు.

పాఠ్యాంశ ప్రశ్నలు 1

1. ఒక కొత్త ఫైలు భద్రపరచేటప్పుడు, విషయం కాక ఇంకా ఏ మూడు చోట్ల రాత జరుగుతుంది?
2. చిట్టాలో 'పూర్తయింది' అనే గుర్తు లేని జట్టును ఫైల్ వ్యవస్థ ఏమి చేస్తుంది?

3. చిట్టాకు కనపడని తప్పులు

చిట్టా ఉన్నది గదా, ఇక తనిఖీ ఎందుకు? దుకాణం లెక్కలనే మళ్లీ చూడండి. ఆవర్జాలో ఒక పేజీకి చెదలు పట్టిందనుకోండి. లేదా గుమాస్తా పొరపాటున 510కి బదులు 150 ఎక్కించాడనుకోండి. చిట్టా చివరి పంక్తులు చూస్తే ఈ తప్పు తెలుస్తుందా? తెలియదు. అన్ని ఖాతాల నిల్వలూ తీసి అంకణా వేసినప్పుడే లెక్క కుదరలేదని బయటపడుతుంది.

డిస్కులో కూడా చిట్టాతో సంబంధం లేని తప్పులు వస్తాయి. డిస్కులోని ఒక భాగం అరిగి చెడిపోవచ్చు. డిస్కును కలిపే తీగ వదులు కావచ్చు. జ్ఞాపకశక్తి పలక, అంటే ర్యామ్, లోపంతో ఒక అంకెను మార్చివేయవచ్చు. కెర్నల్‌లోనే ఎక్కడో ఒక తప్పు ఉండవచ్చు. ఇటువంటప్పుడు తప్పుడు సమాచారమే చిట్టాలోకి చేరుతుంది, 'పూర్తయింది' అనే గుర్తుతో సహా. చిట్టా దానిని నమ్మి అసలు స్థానంలో ఎక్కిస్తుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. జర్నల్ లేని రోజులలో, సరిగా ఆపకుండా కరెంటు పోతే ఫైల్ వ్యవస్థ మీద 'శుభ్రంగా లేదు' అనే గుర్తు మిగిలిపోయేది. ఆ గుర్తు చూసి కంప్యూటరు పూర్తి తనిఖీ చేసేది. అలా అనుకోకుండానే అప్పుడప్పుడు అంకణా పడేది. జర్నల్ వచ్చాక, చిట్టా చదవగానే 'క్లీన్' అని తేలుతుంది. కాబట్టి ఎవరూ అడగకపోతే పూర్తి తనిఖీ ఏళ్ల తరబడి జరగకపోవచ్చు.

4. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు ఏమి జరుగుతుంది?

తనిఖీ చేసే ఉపకరణం పేరు ఎఫ్, ఎస్, సి, కె అనే నాలుగు అక్షరాలు. 'ఎఫ్‌ఎస్‌సీకే' అని పలుకుదాం. ఇది ముందుగా ఫైల్ వ్యవస్థ ఏ రకమైనదో చూసి, ఆ రకానికి తగిన ఉపకరణాన్ని పిలుస్తుంది. ఎక్స్ట్ కుటుంబానికి 'ఈ2ఎఫ్‌ఎస్‌సీకే' ఉన్నది.

అన్నిటికీ ఆధారమైన మూల ఫైల్ వ్యవస్థను మార్పులకు తెరవకముందే తనిఖీ జరగాలి. తనిఖీ చేస్తున్న పుస్తకంలోనే ఇంకొకరు పద్దులు రాస్తుంటే లెక్క కుదరదు గదా! అందుకే ఈ పనికి కంప్యూటరు మొదలయ్యే సమయం అనువైనది. అప్పటికి ఎవరూ ఏ ఫైలూ తెరిచి ఉండరు.

ఆ సమయంలో ఈ2ఎఫ్‌ఎస్‌సీకే ముందు చిట్టాను చదివి, మిగిలిన పద్దులు ఎక్కిస్తుంది. తరువాత ఈ నాలుగు ప్రశ్నలు వేసుకొంటుంది.

(1) లోపం ఉన్నట్లు కెర్నల్ ఇంతకు ముందే గుర్తు పెట్టిందా?
(2) పూర్తి తనిఖీ జరిగాక, నిర్ణయించినన్ని సార్లు ఈ ఫైల్ వ్యవస్థ తెరవబడిందా?
(3) నిర్ణయించిన గడువు దాటిందా?
(4) తప్పనిసరిగా తనిఖీ చేయమని ఎవరైనా ఆదేశించారా?

నాలుగింటికీ 'లేదు' అనే సమాధానం వస్తే 'క్లీన్' అని చెప్పి తప్పుకొంటుంది. పరిచయంలో మీరు చూసిన మాటకు అర్థం ఇదే: 'తనిఖీ చేయవలసిన కారణం కనపడలేదు' అని. 'తనిఖీ చేశాను, బాగున్నది' అని కాదు.

ఏ ఒక్కదానికి 'అవును' అని వచ్చినా పూర్తి తనిఖీ మొదలవుతుంది. అది అయిదు దశలలో సాగుతుంది: మొదట ఐనోడులు, బ్లాకులు, రెండవది డైరెక్టరీల నిర్మాణం, మూడవది ప్రతి డైరెక్టరీ మూలంతో కలిసి ఉన్నదా అన్నది, నాలుగవది ఒక్కొక్క ఫైలును ఎన్ని పేర్లు చూపుతున్నాయన్న లెక్క, అయిదవది ఖాళీల మొత్తం లెక్క. మన అంకణాకు సమానమైనది ఇదే.

5. ఏది తనిఖీ చేయాలి? ఆరవ గడి చూడండి

'ఈటీసీ' అనే డైరెక్టరీలో 'ఎఫ్‌స్టాబ్' అనే చిన్న ఫైలు ఉంటుంది. అందులో ఒక్కొక్క ఫైల్ వ్యవస్థకు ఒక్కొక్క పంక్తి. ప్రతి పంక్తిలో ఆరు గడులు. చివరిదైన ఆరవ గడిలోని అంకె తనిఖీ వరుసను తెలుపుతుంది.

- 0 : దీనిని తనిఖీ చేయవద్దు.
- 1 : ముందుగా దీనిని చూడు. ఇది మూల ఫైల్ వ్యవస్థకు ఇవ్వాలి.
- 2 : మూలం తరువాత దీనిని చూడు. మిగిలినవాటికి ఇది ఇవ్వాలి.

ఆరవ గడి ఖాళీగా ఉంటే 0 ఉన్నట్లే లెక్క. మీ సొంత ఫైళ్లు వేరే విభాగంలో ఉండి, దానికి 0 ఉంటే, ఇక మీరు ఏ గడువు పెట్టినా మొదలయ్యే సమయంలో దానికి తనిఖీ జరగదు. కాబట్టి ముందు ఈ అంకెను చూసుకోండి.

ఎక్స్ఎఫ్ఎస్ అనే మరో రకం ఫైల్ వ్యవస్థ ఉన్నది. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ 1990లలో తన కంప్యూటర్ల కోసం తయారు చేసిన ఇది తరువాత లినక్స్‌కు వచ్చింది. ఇది తన చిట్టాను తెరిచేటప్పుడే చదువుకొంటుంది. దీని పేరుతో ఉన్న తనిఖీ ఉపకరణం మొదలయ్యే సమయంలో మామూలుగా ఏ పనీ చేయకుండా 'సరే' అని తిరిగి వస్తుంది. పూర్తి తనిఖీ కావాలంటే, ఆ ఫైల్ వ్యవస్థను మూసి, 'ఎక్స్ఎఫ్ఎస్ రిపేర్' అనే ఉపకరణాన్ని మీరే నడపాలి. మీ కంప్యూటరులో ఏ రకం ఉన్నదో ఎఫ్‌స్టాబ్ మూడవ గడి చెబుతుంది.

పాఠ్యాంశ ప్రశ్నలు 2

1. మొదలయ్యే సమయంలో వచ్చే 'క్లీన్' అనే మాటకు సరైన అర్థం ఏమిటి?
2. ఎఫ్‌స్టాబ్‌లో మూల ఫైల్ వ్యవస్థకు ఆరవ గడిలో ఏ అంకె ఉండాలి?

6. ఎన్నాళ్లకు ఒకసారి?

ఒకప్పుడు ఎక్స్ట్ ఫైల్ వ్యవస్థను తయారు చేసేటప్పుడే ఒక గడువు దానంతట అదే పడేది. కొన్ని పదుల సార్లు తెరిచాక, లేదా 180 రోజులు గడిచాక, పూర్తి తనిఖీ జరిగేది. కాని అది ఎప్పుడు వస్తుందో తెలియక జనం విసుక్కొనేవారు. సరిగ్గా తొందర పనిలో ఉన్నప్పుడు కంప్యూటరు తనిఖీకి కూర్చొనేది. 2011లో వచ్చిన మార్పుతో, కొత్తగా తయారయ్యే ఫైల్ వ్యవస్థలకు ఈ గడువు పెట్టడం మానివేశారు. అంటే ఈ నిర్ణయం ఇప్పుడు మీ చేతిలో ఉన్నది. మీరు నిర్ణయించకపోతే ఇంకెవరూ నిర్ణయించరు.

గడువు పెట్టడానికి 'ట్యూన్2ఎఫ్ఎస్' అనే ఆదేశం ఉన్నది. దీనిని నిర్వాహకుని అధికారంతో ఇవ్వాలి. ఆదేశం చివర ఆ విభాగం పేరు ఉండాలి.

- '-ఎల్' అని చేరిస్తే ఇప్పటి వివరాలు కనిపిస్తాయి. వాటిలో 'మౌంట్ కౌంట్', 'మాగ్జిమమ్ మౌంట్ కౌంట్', 'లాస్ట్ చెక్డ్' అనే మూడు వరుసలు చూడండి. ఇవి వరుసగా ఎన్నిసార్లు తెరిచారో, ఎన్నిసార్లు దాటితే తనిఖీ జరగాలో, చివరి తనిఖీ ఎప్పుడో తెలుపుతాయి. రెండవ వరుసలో -1 ఉంటే లెక్క పెట్టడం లేదని అర్థం.
- '-సి 30' అంటే 30 సార్లు తెరిచాక తనిఖీ.
- '-ఐ 3ఎమ్' అంటే మూడు నెలలకు ఒకసారి తనిఖీ.

రెండు సందర్భాలు చూద్దాం. ఒక గ్రంథాలయంలో కంప్యూటరును రోజుకు ఒకసారి ఆన్ చేసి, సాయంత్రం ఆపివేస్తారు. '-సి 30' పెడితే సుమారు నెలకు ఒకసారి తనిఖీ జరుగుతుంది. ఇది చక్కగా సరిపోతుంది.

రెండవది, ఒక కార్యాలయంలో రాత్రింబగళ్లు నడిచే సర్వర్. దానిని ఏడాదిలో ఒకటి రెండు సార్లు మాత్రమే ఆపుతారు. ఇక్కడ 30 సార్లు అనే లెక్క ఎన్నేళ్లకో గాని పూర్తి కాదు. నెలల గడువు పెట్టినా, ఆ గడువు దాటిందా అని చూసేది మొదలయ్యే సమయంలోనే. నడుస్తున్నంతకాలం ఎవరూ చూడరు. పైగా ఏదో అత్యవసరం వచ్చి ఆపి ఆన్ చేసిన రోజున, అందరూ ఎదురు చూస్తుండగా, ఆ తనిఖీ మొదలవుతుంది. ఇటువంటి చోట గడువును నమ్ముకోవడం కంటే ఒక సెలవురోజును ఎంచుకొని మనమే తనిఖీ చేయించడం మేలు.

అలా ఒక్కసారి తనిఖీ చేయించడానికి, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు గ్రబ్ పట్టికలో 'ఇ' అక్షరం మీట నొక్కి, కెర్నల్ పంక్తి చివర 'ఎఫ్‌ఎస్‌సీకే.మోడ్=ఫోర్స్' అని చేర్చాలి. సిస్టమ్‌డీ ఉన్న లినక్స్‌లలో ఇది పనిచేస్తుంది. ఇది ఆ ఒక్కసారికే వర్తిస్తుంది.

7. తనిఖీ ఆగిపోతే

మొదలయ్యే సమయంలో ఉపకరణం ప్రమాదం లేని తప్పులను మాత్రమే తనంతట తాను దిద్దుతుంది. మనిషి నిర్ణయం అవసరమైన తప్పు కనిపిస్తే ఆగిపోతుంది. 'చేతితో నడపండి' అని ఇంగ్లీషులో చెప్పి, నిర్వాహకుని సంకేతపదం అడుగుతుంది. పని ముగిశాక ఉపకరణం ఒక అంకెను తిరిగి ఇస్తుంది. 0 అంటే తప్పులు లేవు. 1 అంటే తప్పులు దిద్దబడ్డాయి. 2 అంటే కంప్యూటరును తిరిగి మొదలుపెట్టాలి. 4 అంటే దిద్దని తప్పులు మిగిలాయి.

ఇలా ఆగినప్పుడు తొందరపడి అన్ని ప్రశ్నలకూ 'అవును' అనకండి. ఈ వరుసలో పని చేయండి.

(1) తనిఖీ నడుస్తుండగా కరెంటు తీయకండి. యూపీఎస్ ఉంటే అది పనిచేస్తున్నదో లేదో ముందే చూసుకోండి.
(2) డిస్కు నుంచి వింత శబ్దం వస్తున్నా, చదవలేకపోతున్నానని సందేశాలు వస్తున్నా, దిద్దుబాటు ఆపండి. డిస్కే చెడిపోతున్నప్పుడు దాని మీద మళ్లీ రాయడం నష్టాన్ని పెంచుతుంది. ముందు పెన్‌డ్రైవు నుంచి లినక్స్‌ను నడిపి, డిస్కులో ఉన్నదానిని మరో డిస్కుకు నకలు తీసుకోండి.
(3) '-ఎన్' చేర్చి నడిపితే ఉపకరణం ఏమీ మార్చకుండా తప్పులు మాత్రం చూపుతుంది. ముందు అలా చూడండి.
(4) ఆ తరువాతనే దిద్దుబాటుకు అనుమతి ఇవ్వండి.
(5) పని ముగిశాక 'లాస్ట్+ఫౌండ్' అనే డైరెక్టరీ తెరిచి చూడండి. పేరు పోగొట్టుకొన్న ఫైళ్లు అక్కడ అంకెల పేర్లతో ఉంటాయి.

ముఖ్య హెచ్చరిక: మార్పులకు తెరిచి, వాడుకలో ఉన్న ఫైల్ వ్యవస్థ మీద ఎన్నడూ దిద్దుబాటు నడపకండి. మంచి ఫైల్ వ్యవస్థ కూడా దానితో చెడిపోతుంది.

8. అంకణా కుదిరితే చాలునా?

అంకణా కుదిరినా కొన్ని తప్పులు దానిలో బయటపడవని వాణిజ్యశాస్త్రం చెబుతుంది. రామయ్య ఖాతాలో రాయవలసిన పద్దు అదే మొత్తంతో రంగయ్య ఖాతాలో రాస్తే, మొత్తాలు కుదురుతాయి గాని లెక్క తప్పే. ఫైల్ వ్యవస్థ తనిఖీ కూడా అంతే. అది పట్టికలు, చీటీలు, పేర్లు ఒకదానితో ఒకటి కుదురుతున్నాయా అని చూస్తుంది. మీ ఉత్తరంలోని వాక్యాలు సరిగా ఉన్నాయా, ఫొటో చెడలేదా అన్నది చూడదు. పొరపాటున మీరు తుడిచివేసిన ఫైలును తిరిగి తీసుకురాదు.

అందుచేత ముఖ్యమైన ఫైళ్ల నకలు వేరొక డిస్కులో ఉండాలి. ఆ నకలును అప్పుడప్పుడు తెరిచి చదివి చూడాలి. చిట్టా, అంకణా, నకలు అనే మూడూ వేరువేరు పనులు చేస్తాయి. ఒకటి ఉన్నదని మరొకటి మానుకోరాదు.

మీరేం నేర్చుకొన్నారు

- జర్నల్ సగంలో ఆగిన మార్పులను పూర్తి చేస్తుంది, లేదా వదిలివేస్తుంది. అందువల్ల కరెంటు పోయినా ఫైల్ వ్యవస్థ నిర్మాణం నిలబడుతుంది.
- డిస్కు, తీగ, ర్యామ్, కెర్నల్ లోపాల వల్ల వచ్చే తప్పులను జర్నల్ కనిపెట్టలేదు. వాటికి పూర్తి తనిఖీ కావాలి.
- ఎఫ్‌స్టాబ్ ఆరవ గడి ఏది తనిఖీ చేయాలో, ట్యూన్2ఎఫ్ఎస్ ఎప్పుడు చేయాలో నిర్ణయిస్తాయి.
- ఆగిపోయిన తనిఖీని తొందరపడి ముగించరాదు. ముందు నకలు తీసుకోవాలి.

ముగింపు అభ్యాసం

1. జర్నల్‌ను తిరిగి చదవడానికీ, పూర్తి తనిఖీకీ గల భేదాన్ని ఒక దుకాణం లెక్కల సాయంతో వివరించండి.
2. ఏడాది పొడవునా నడిచే సర్వర్‌కు '-సి 30' అనే నియమం ఎందుకు తగదు?
3. చేసి చూడండి: మీకు అందుబాటులో ఉన్న లినక్స్ కంప్యూటరులో ఎఫ్‌స్టాబ్ తెరిచి, ఏమీ మార్చకుండా, మూడవ, ఆరవ గడులను మీ నోటు పుస్తకంలో రాసుకోండి. ఎక్స్ట్4 అయితే చివరి పూర్తి తనిఖీ తేదీ కూడా కనుక్కొని రాయండి. ఆ తేదీ నుంచి ఎన్ని నెలలు గడిచాయి?

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్నలు 1: (1) బ్లాకుల పట్టిక, ఐనోడు, డైరెక్టరీ. (2) దానిని అసలు స్థానాలలోకి ఎక్కించకుండా వదిలివేస్తుంది.

ప్రశ్నలు 2: (1) పూర్తి తనిఖీ చేయవలసిన కారణం కనపడలేదని అర్థం. (2) 1.